సున్నాలు, ఒకట్లు, ఇరుగుపొరుగు నియమం: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం మద్దిలపాలెంలో ప్రోగ్రామింగ్ పోటీలకు సిద్ధమయ్యే విద్యార్థులకు నేను సాయంత్రాలు పాఠం చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌నూ తడబెట్టే లెక్క ఒకటుంది. పట్టికలోని ప్రతి గడిలో 0 గాని 1 గాని వేయాలి. అయితే పక్కపక్కన గాని, కిందామీదా గాని రెండు 1లు ఆనుకొని ఉండకూడదు. పరీక్ష హాలులో పిల్లలను ఎడంగా కూర్చోబెట్టడం లాంటిదే ఇది. పట్టికను ఎన్ని విధాలుగా నింపవచ్చు?

అపోహ: ఒక వరుసకు ఎన్ని విధాలో తెలిస్తే, వరుసలు ఎన్ని ఉంటే అన్నిసార్లు ఆ సంఖ్యను గుణిస్తే సరిపోతుంది.

వాస్తవం: మూడు గడుల వరుసకు 000, 001, 010, 100, 101 అని ఐదు విధాలున్నాయి కాబట్టి, మూడు వరుసలకు గుణిస్తే 125 వస్తుంది, అసలు జవాబు 63. రెండో వరుస 000 అయితే దాని పైన ఐదింటిలో ఏదైనా ఉండవచ్చు, 010 అయితే నాలుగు, 001 లేదా 100 అయితే మూడేసి, 101 అయితే రెండే ఉండవచ్చు. రెండు వరుసలకు అన్నీ కలిపి 17. మూడో వరుసలో ఒక్కొక్క విధానికీ, దాని పైన ఇమడగల వరుసల లెక్కలను మాత్రమే కూడుతాము: 000కు 17, 001కు 12, 010కు 13, 100కు 12, 101కు 9, మొత్తం 63. చివరి వరుస ఏదో గుర్తుంటే చాలు, అంతకు ముందువన్నీ మరచిపోవచ్చు. 1941లో భౌతిక శాస్త్రవేత్తలు క్రేమర్స్, వానియర్ అయస్కాంత నమూనాను ఇలాంటి పద్ధతితోనే లెక్కించారు.

అపోహ: 20 గడుల వెడల్పుకు 10,48,576 వరుసలను గుర్తుంచుకోవాలి.

వాస్తవం: నియమానికి లోబడేవి 17,711 మాత్రమే. ఒక గడి నుంచి మొదలుపెడితే 2, 3, 5, 8, 13 అంటూ సాగే ఈ సంఖ్యలు ఛందస్సు చదివినవారికి కొత్తవి కావు. వరుస చివర ఒక 0 చేర్చి, '10'ని రెండు మాత్రల గురువుగా, విడి 0ను ఒక మాత్ర లఘువుగా చదివితే, 101 కాస్తా రెండు గురువులవుతుంది. మూడు గడుల ఐదు వరుసలూ నాలుగు మాత్రల ఐదు ప్రస్తారాలే, అంటే గురులఘువుల అమరికలే. నల్లబల్ల మీద ఇది రాసిన రోజున తరగతిలో ఎవరూ ఫోను చూడరు.

అపోహ: తిప్పినవి, అద్దంలో చూసినవి ఒకటే అనుకుంటే మొత్తాన్ని 8తో భాగించాలి.

వాస్తవం: 2×2 చదరానికి మొత్తం 7, దాన్ని 8తో ఎలా భాగిస్తారు? అక్కడ నిజంగా వేరైనవి మూడు.

అపోహ: ఎక్కడో ఒక సూత్రం ఉండే ఉంటుంది.

వాస్తవం: వెడల్పు స్థిరంగా ఉంటే ఉంటుంది. రెండు గడుల వెడల్పుకు 3, 7, 17, 41 వస్తాయి. ప్రతి సంఖ్యా దాని ముందుదానికి రెట్టింపు, ఆ ముందుది కలిపితే వచ్చేదే. రెండు వైపులా పెరిగే చదరపు పట్టికకు మాత్రం అలాంటి సూత్రం ఇంతవరకూ దొరకలేదు. పట్టిక పెద్దదయ్యేకొద్దీ విధాల సంఖ్య గడి ఒక్కింటికి సుమారు 1.503 రెట్లు పెరుగుతుందని మాత్రమే తెలుసు. ఇదే నియమాన్ని త్రిభుజాల అల్లిక మీద పెడితే 1980లో భౌతిక శాస్త్రవేత్త రాడ్నీ బాక్స్‌టర్ కచ్చితంగా సాధించారన్నది నాకు ఇప్పటికీ వింతే.

అపోహ: చిన్న పట్టికలకు జవాబులు సరిపోతే ప్రోగ్రాం సరైనదే.

వాస్తవం: ఒక విద్యార్థి ప్రోగ్రాం 7×7 పట్టికకు 1,28,01,28,950 అని సరిగ్గానే చెప్పి, 8×8కు −77,70,00,629 అని చూపించింది. తర్కంలో తప్పేమీ లేదు. అసలు జవాబు 6,60,64,79,62,955. అతను వాడిన 32 బిట్ల పూర్ణాంకంలో 2,14,74,83,647 దాటి ఏదీ పట్టదు, దాటితే లెక్క చుట్టు తిరిగి రుణ సంఖ్యగానూ కనబడవచ్చు. రుణ సంఖ్య వచ్చింది కాబట్టి అతనికి అనుమానం కలిగింది, ధన సంఖ్యే వచ్చి ఉంటే అలాగే సమర్పించేవాడు.