హోస్ట్ ఫ్యామిలీతో ఉండి చదువుకోవడం: అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో చదివే విద్యార్థులను హోస్ట్ ఫ్యామిలీల (డబ్బు తీసుకుని తమ ఇంట్లోనే గది, భోజనం ఇచ్చే అక్కడి కుటుంబాల) ఇళ్లలో కుదర్చడం మా పని. ఇల్లు మార్చమని వచ్చే వినతుల్లో చాలావరకు అటూ ఇటూ మంచి మనుషులే ఉంటారు. ముందే అడగాల్సినవి అడగలేదు, చెప్పాల్సినవి చెప్పలేదు, అంతే. తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఇల్లు కోసం నింపే దరఖాస్తు ఫారంలో అన్నిటికీ ‘పర్వాలేదు’ అని రాస్తే ఇల్లు త్వరగా దొరుకుతుంది.

వాస్తవం: త్వరగానే దొరుకుతుంది, మీకు సరిపడనిది. ‘శాకాహారి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. గుడ్డు తింటారా, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్ తాగుతారా, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉన్నవి తింటారా, మాంసం వండిన పెనం మీదే మీకూ వండితే అభ్యంతరమా? అన్నీ విడివిడిగా రాయాలి.

పిల్లి పడదని రాయడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. దాన్ని వేరే గదిలో ఉంచుతాంలే అని ఇంటివాళ్లు మంచి మనసుతో అన్నా ఒప్పుకోకండి. ఎలర్జీ తెచ్చేది పిల్లి చర్మం నుంచి, లాలాజలం నుంచి వచ్చే ప్రొటీన్. అది కార్పెట్‌లోనూ సోఫాలోనూ పేరుకుని, పిల్లి ఇల్లు వదిలాక కూడా నెలల తరబడి ఉంటుంది.

దూరం విషయంలో కిలోమీటర్లు అడిగి లాభం లేదు. గదులు ఖాళీగా ఉండే ఇళ్లు ఎక్కువగా శివార్లలోనే ఉంటాయి. మీ క్లాసు వేళకు గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, ఎన్నిచోట్ల మారాలి, రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడు, ఆదివారం సంగతేమిటి అని అడగండి.

అపోహ: వాళ్లతో ఉంటే భాష దానంతట అదే వచ్చేస్తుంది.

వాస్తవం: ఇంట్లో పెద్దలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే మాట్లాడుకోవడానికి దొరికేది రాత్రి భోజనం వేళే. ప్లేటు తీసుకుని గదిలోకి వెళ్లిపోతే అదీ పోతుంది. కొన్ని వారాలు గడిస్తే మాటలు ‘రోజు ఎలా గడిచింది’ దగ్గరే ఆగిపోతాయి. కూరగాయలు తరగడమో, గిన్నెలు సర్దడమో ఏదో ఒక పని కలిసి చేస్తుంటే కొత్త మాటలు వాటంతటవే వస్తాయి. తప్పులు దిద్దమని మీరే నోరు తెరిచి అడగాలి. మర్యాదస్థులు అడక్కుండా దిద్దరు. ఇంకో సంగతి: ఆ ఇంట్లో రోజూ మాట్లాడుకునే భాష ఏది, మీ భాషే మాట్లాడే మరో విద్యార్థి అక్కడ ఉన్నారా అన్నది ఇల్లు ఖాయమయ్యే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అపోహ: స్నానానికి టైము పెట్టేవాళ్లు పిసినారులు.

వాస్తవం: మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో దీనికి ఎప్పుడూ చోటుంటుంది, కాబట్టి లెక్క వేసే చూద్దాం. ఇంట్లో నీళ్లు కాచే 150 లీటర్ల ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీల దగ్గర, కుళాయిలో వచ్చే చన్నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. ఒంటికి పట్టే 38 డిగ్రీలకు కలిపితే 268 లీటర్ల దాకా వస్తాయి. షవర్ నిమిషానికి 9 లీటర్లు పోస్తే అవి అరగంటకు సరి. నిజానికి అంతసేపు కూడా రావు, ఎందుకంటే వేడినీళ్లు పోయేకొద్దీ ట్యాంకులోకి చన్నీళ్లు చేరి కలుస్తుంటాయి. మీరు ఇరవై నిమిషాలు నిలబడితే తర్వాతివాళ్లకు మిగిలేది చన్నీళ్లే. ఖాళీ అయిన ట్యాంకు 3 కిలోవాట్ల హీటర్ కడ్డీతో (ఎలిమెంట్‌తో) మళ్లీ కాగడానికి సుమారు 3 గంటలు, దాదాపు 9 యూనిట్ల కరెంటు పడుతుంది. ఎనిమిది నిమిషాల్లో ముగించండి, పొద్దున ఎవరి వంతు ఎప్పుడో మొదటి రోజే అడిగి పెట్టుకోండి. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు కాచే హీటరైతే నీళ్లు అయిపోవు గానీ, రెండు కుళాయిలు ఒకేసారి తిప్పితే ధార తగ్గిపోతుంది.

గదిలో బట్టలు ఆరేయొద్దనడానికీ కారణం ఉంది. 5 కిలోల బట్టలు వాషింగ్ మెషిన్‌లో స్పిన్ అయ్యాక కూడా రెండు లీటర్లకు పైనే నీళ్లు పట్టుకుని ఉంటాయి. కిటికీలు మూసిన గదిలో అదంతా గాలిలో చేరి, చల్లటి గోడ మీద చెమ్మగా మారి, కొన్ని వారాల్లో నల్లటి బూజు పడుతుంది. ఎలక్ట్రిక్ హీటర్ మీద మాత్రం ఎప్పుడూ ఆరేయకండి, నిప్పు అంటుకుంటుంది.

అపోహ: పెద్ద బహుమతి పట్టుకెళ్లాలి.

వాస్తవం: అక్కర్లేదు. చిన్నది చాలు. తినే వస్తువులు కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు.

అపోహ: అద్దె కడుతున్నాం కాబట్టి కిరాయిదారు హక్కులన్నీ మనకూ ఉంటాయి.

వాస్తవం: చాలా దేశాల్లో యజమాని ఉంటున్న ఇంట్లోనే ఉండేవాళ్లకు రక్షణ తక్కువ. ఇంగ్లాండ్‌లో యజమానితో వంటగది, బాత్‌రూమ్ పంచుకునేవారిని ఖాళీ చేయించడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, సముచితమైన నోటీసు ఇస్తే చాలు. కాబట్టి చేతిలో ఉన్న ఒప్పందమే మీకు ఆధారం. అందులో ఇవి చూడండి: ఎన్ని పూటల భోజనం, వారాంతంలో మధ్యాహ్న భోజనం ఉందా, నోటీసు ఎన్ని వారాలు, డిపాజిట్‌లో దేనికి కోత పెడతారు, తాళంచెవి పోతే ఖర్చు ఎవరిది, సెలవుల్లో ఊరెళ్తే గదికి ఎంత కట్టాలి. తినని పూటకు డబ్బు వెనక్కి ఇవ్వడం అరుదు. రాత్రి రానని మధ్యాహ్నంలోపే చెబితే కనీసం వండింది వృథా కాదు.

ఆ చిరునామా అధికారికంగా వాడుకోవచ్చా అనీ అడగండి. జర్మనీలో మూడు నెలలకు మించి ఉండేవాళ్లు ఇంట్లో దిగిన 2 వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లిచ్చినవారి ధ్రువపత్రం కావాలి. ఇక ఆ ఇంటి బీమా మీ ల్యాప్‌టాప్‌కు వర్తిస్తుందని అనుకోకండి, మీ పాలసీ చూసుకోండి.

అపోహ: ఇబ్బందులుంటే ఓర్చుకోవాలి, ఇల్లు మారతామంటే వాళ్లను అవమానించినట్టే.

వాస్తవం: చలి, చప్పుడు, భోజనం చాలకపోవడం లాంటివి మొదటి వారంలోనే ఇంటివాళ్లకు సూటిగా చెప్పండి. నెల మౌనంగా ఉండి చెబితే ‘ఇన్నాళ్లూ బాగానే ఉన్నారుగా’ అంటారు. మార్పు రాకపోతే తేదీలతో కోఆర్డినేటర్‌కు (ఇల్లు కుదిర్చిన సంస్థ తరఫున మీ బాగోగులు చూసేవారికి) మెయిల్ రాయండి. అక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే మీ విద్యాసంస్థలో విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లండి.

కొన్నిటికి వారం కూడా ఆగొద్దు. బాత్‌రూమ్‌కు గడియ లేకపోవడం, తలుపు తట్టకుండా గదిలోకి రావడం, పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకుంటామనడం, ఒప్పందంలో లేని డబ్బు చేతికిమ్మనడం అలాంటివి. అద్దెకు బదులు పిల్లల్ని చూసుకోమన్నా ఒప్పుకోకండి, వీసా నిబంధనల్లో అది ఉద్యోగం కింద లెక్కకు రావచ్చు.

చెప్పకుండా రాత్రికి రాత్రే సామాను సర్దుకుని వెళ్లిపోతే మాత్రం డిపాజిట్ పోతుంది. మైనర్లకైతే వీసా చిక్కులూ రావచ్చు. పద్ధతి ప్రకారం మారుతున్నప్పుడు గోడలు, పరుపు, కార్పెట్ ఫొటోలు తీసి, తాళంచెవి ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. కొత్త చిరునామా బ్యాంకుకు, కాలేజీకి, వీసా నిబంధనలు కోరితే ఇమిగ్రేషన్‌కు తెలియజేయండి.