చిత్తూరు డెయిరీ: రెండు తాళాల ఏడాది

మెడికల్ కాలేజీలను పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో కట్టాలని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించాక సర్కారీనా, ప్రైవేటా అన్న గొడవ మళ్లీ రేగింది. చిత్తూరు పల్లెల్లో ఈ మాటెత్తితే ఆస్పత్రి దగ్గర ఆగదు, డెయిరీ దాకా పోతుంది.

చిత్తూరు డెయిరీ సహకార డెయిరీ, అంటే పాలు పోసే రైతులే సభ్యులు. అలాంటివి ఎలా పుట్టాయో అందరికీ తెలిసిందే. అసలు ముడి 2002లో ఉంది. పెద్ద డెయిరీలు ఫలానా ప్రాంతంలోనే పాలు సేకరించాలని 1992 నాటి కేంద్ర ఉత్తర్వు హద్దు పెట్టింది. 2002 మార్చిలో ఆ హద్దు తీసేశారు. అదే ఏడాది ఆగస్టు 31న చిత్తూరు డెయిరీ మూతపడింది. పెద్ద డెయిరీలకున్న తాళం తీశారు, సహకార డెయిరీకి ఇంకొకటి వేశారు.

1992లో తాను స్థాపించిన ప్రైవేటు డెయిరీ హెరిటేజ్ కోసమే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు చిత్తూరు డెయిరీని మూతవేయించారని వైసీపీ ఆరోపణ. టీడీపీ దీన్ని ఖండిస్తుంది, నష్టాలే కారణమంటుంది. నష్టాలు లేవని కాదు. అయితే పాలు పోసేవాళ్లు చెప్పే కథ వేరు. ఊళ్లో సహకార సొసైటీ పాల కేంద్రం ఉన్నన్నాళ్లూ ప్రైవేటు ఏజెంటు దాని రేటు చూసి తన రేటు చెప్పేవాడు. అది పోయాక చూడ్డానికి ఏముంది? మా పెద్దమ్మ తెల్లారి అయిదింటికి క్యాను మోసుకెళ్తే ఏజెంటు మిషన్లో చూసి, రేటు తేల్చే వెన్న శాతం 3.2 అనేవాడు. ముందురోజు అదే ఆవు, అదే మేత, 3.8. అడిగితే ‘ఇష్టమైతే పాలు పోయ్, లేకుంటే ఎత్తుకుపో’ అనేవాడు. యాడికి ఎత్తుకుపోతుంది?

(చిత్తూరు డెయిరీని ఊరు ‘గవర్నమెంటు డెయిరీ’ అనేది. కాగితాల మీద అది రైతులదే.)

వైసీపీ హయాంలో 2020 డిసెంబరులో పాల వెల్లువ పేరుతో అమూల్‌ను చిత్తూరు, కడప, ప్రకాశం జిల్లాల్లోకి దించారు. 2023 జులై 4న జగన్ డెయిరీ పునరుద్ధరణకు భూమిపూజ చేశారు. రూ.182 కోట్ల పాత బకాయిలు ప్రభుత్వం తీర్చిందన్నారు, అమూల్ రూ.385 కోట్లు పెడుతుందన్నారు. మంచిదే. కానీ అమూల్ యజమానులు గుజరాత్ జిల్లా యూనియన్లు. చిత్తూరు రైతు దానికి పాలు పోసేవాడు మాత్రమే, యజమాని కాదు.

ఈ రెండు పార్టీల గొడవలో ఎవరూ ఎత్తని పేరు శ్రీజ. 2014లో ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) అండతో తిరుపతి కేంద్రంగా మొదలైన మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ. దాంట్లో పాలు పోసే ఆడవాళ్లే వాటాదారులు.