గ్రాఫింగ్ కాలిక్యులేటర్: మా తరగతిలో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

నెల్లూరులో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు గణితం బోధిస్తున్న నా దగ్గరకు, విదేశాల్లో చదవబోయే పిల్లలు కొందరు సాయంత్రం వేళల్లో, సమీకరణం ఇస్తే దాని గ్రాఫ్‌ను తెర మీద గీసి చూపే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ నేర్చుకోవడానికి వస్తుంటారు. ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లోనూ, ఈఏపీసెట్, జేఈఈ మెయిన్‌లలోనూ కాలిక్యులేటర్‌కు అనుమతి లేదు కనుక, 1985లో కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీతో మార్కెట్లోకి వచ్చిన ఈ రకం యంత్రం మన పిల్లలకు ఇప్పటికీ కొత్త వస్తువే. తెలియని వస్తువు మీద భయమూ ఉంటుంది, అతి నమ్మకమూ ఉంటుంది. ఈ రెండూ చదువుకు అడ్డుపడటం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

అపోహ: ఇది అలవాటైతే పిల్లలు లెక్క మరచిపోతారు.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. ఎక్కాలు రాని పిల్లవాడి చేతికి మామూలు కాలిక్యులేటర్ ఇస్తే ఆ భయం నిజమే కావచ్చు. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ విషయం వేరు, ఎందుకంటే ఏ ప్రమేయాన్ని, ఏ హద్దుల మధ్య చూడాలో విద్యార్థి నిర్ణయించి చెప్పేదాకా అది పనికొచ్చే బొమ్మ ఏదీ ఇవ్వదు.

ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి ఇంట్లో రొయ్యల చెరువులున్నాయి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య కనుక, ఒక రొయ్య సగటు బరువు ఎక్స్ గ్రాములైతే కౌంట్ 1000/ఎక్స్ అవుతుందని అతడే చెప్పాడు. దానిని యంత్రంలోకి ఎక్కించి గ్రాఫ్ మీట నొక్కితే, తెర మీద రెండు అక్షాలు తప్ప ఏమీ రాలేదు. "ఏంది సార్, మిషను చెడిపోయిందా?" అన్నాడు. సాధారణ విండో, అంటే తెర మీద కనిపించే హద్దుల మామూలు అమరిక, రెండు అక్షాల మీదా మైనస్ 10 నుంచి 10 వరకే చూపిస్తుంది. పది గ్రాముల రొయ్యకే కౌంట్ 100 కాబట్టి వక్రం ఆ హద్దుల్లో ఎక్కడా పడదు. "మీ చెరువులో పట్టుబడి నాటికి రొయ్య ఎంత తూగుతుంది?" అని అడిగాను. ఇరవై, ముప్పై గ్రాములని చెప్పి, ఎక్స్‌కు 0 నుంచి 50, వైకి 0 నుంచి 250 అని తానే హద్దులు మార్చాడు. వక్రం వచ్చింది. వక్రం మీది విలువలు చూపే ట్రేస్ మీట నొక్కి 10 అని కొడితే 100, 20 అని కొడితే 50, 30 అని కొడితే 33.3 వచ్చాయి. పది నుంచి ఇరవై గ్రాములకు పెరిగినప్పుడు కౌంట్ 50 తగ్గితే, ఆ తర్వాతి పది గ్రాములకు సుమారు 17 మాత్రమే ఎందుకు తగ్గిందో అతడు ఆ వక్రం వాలును చూపిస్తూ వివరించాడు. ఎక్స్-అక్షం ఈ వక్రానికి అనంతస్పర్శరేఖ (వక్రం అంతకంతకు దగ్గరవుతూ ఎన్నటికీ తాకని గీత) అనే మాట అతడికి ఆ రోజు అర్థమైనంత బాగా నల్లబల్ల మీద నేను ఎన్నడూ చెప్పలేకపోయాను.

అపోహ: తెర మీద కనిపించేదే అసలు గ్రాఫ్.

ఇది మొదటిదానికంటే ప్రమాదకరమైన అపోహ అని నా అభిప్రాయం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి, నలుపు-తెలుపు తెర ఉన్న టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో గ్రాఫ్ గీయడానికి అడ్డంగా 95 చుక్కలు, నిలువుగా 63 చుక్కలు మాత్రమే ఉంటాయి. యంత్రం ఆ 95 చోట్ల విలువ కట్టి, చుక్కలను కలుపుతుంది. అందువల్ల కోణాలను రేడియన్లలో (డిగ్రీలకు బదులు వాడే కొలతలో) ఉంచి, 0 నుంచి 2పై వరకు విండో పెట్టి సైన్ 95ఎక్స్ గీయమంటే, 95 తరంగాలకు బదులు అచ్చంగా సైన్ ఎక్స్ లాంటి ఒకే తరంగం కనిపిస్తుంది. రెండు పక్కపక్క చుక్కల మధ్య దూరం 2పైలో 94వ వంతు కావడంతో, ఆ చోట్ల రెండు ప్రమేయాల విలువలూ సమానమవుతాయి. అలాగే ఎక్స్² − 2ఎక్స్ + 0.99 గ్రాఫ్ సాధారణ విండోలో అక్షాన్ని ఒక్క చోట తాకినట్టే ఉంటుంది కనుక, మూలాలు సమానమని పిల్లలు రాసేస్తారు. విచక్షణి (బి² − 4ఏసీ) కడితే 0.04 వస్తుంది, మూలాలు 0.9, 1.1. వృత్తం కోడిగుడ్డులా అడ్డంగా సాగినట్టు కనిపిస్తే మాత్రం జూమ్‌లో స్క్వేర్ ఎంచుకుంటే సరిపోతుంది.

అపోహ: జవాబు తప్పు వచ్చిందంటే యంత్రంలో లోపం ఉంది.

సైన్ 30కి 0.5 రావలసిన చోట మైనస్ 0.988 వచ్చిందంటే యంత్రం రేడియన్లలో ఉందని అర్థం. పరీక్షకు ముందు మెమరీ చెరిపించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. టీఐ-84లో అలా రీసెట్ చేస్తే, ఇంట్లో పెట్టుకున్న డిగ్రీల అమరిక పోయి యంత్రం మళ్లీ రేడియన్లకు వస్తుంది. కాబట్టి ప్రశ్నపత్రం తెరవకముందే మోడ్‌లో డిగ్రీలున్నాయా, రేడియన్లున్నాయా చూసుకోవాలి. తీసివేతకు ఒక మీట, రుణ గుర్తుకు వేరొక మీట ఉంటాయని కూడా మొదటి రోజే తెలుసుకోవాలి.

అపోహ: ఖరీదైన యంత్రం కొంటేనే నేర్చుకోగలం.

గ్రాఫ్‌లు గీసే యాప్‌లైన డెస్మోస్, జియోజీబ్రా రెండూ ఫోన్‌లో ఉచితంగా పనిచేస్తాయి. అమెరికా వెలుపల 2023లో మొదలైన డిజిటల్ శాట్‌లో (అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్షలో) డెస్మోస్ పరీక్ష తెరలోనే ఉంటుంది. చేరబోయే కాలేజీ ఫలానా యంత్రమే కావాలని చెప్పేవరకు ఎవరినీ కొనమని నేను చెప్పను.

అపోహ: మీటలన్నీ కంఠస్థం చేస్తే వచ్చేసినట్టే.

మా తరగతిలో గ్రాఫ్ మీట నొక్కే ముందు, వక్రం ఎలా ఉంటుందో ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో చేత్తో గీయాలి. పోయిన నెలలో టాన్ ఎక్స్ గీసిన ఒక అమ్మాయి, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న యంత్రం తెర మీద నిలువు గీతలు కనిపించగానే తన బొమ్మనూ, తెరనూ మార్చి మార్చి చూసి, "సార్, ఈ గీతలు గ్రాఫ్‌లో భాగం కాదు గదా!" అంది. పైన ఎక్కడో ఉన్న చుక్కను కింద ఎక్కడో ఉన్న చుక్కతో యంత్రం కలిపేసింది. ఆమె మోడ్‌లోకి వెళ్లి చుక్కలను కలిపే కనెక్టెడ్ తీసి, చుక్కలను విడిగా చూపే డాట్ పెట్టింది, గీతలు పోయాయి.