ఇరవై ఓట్లతో సగమైన బడి బడ్జెట్: న్యూహ్యాంప్‌షైర్ తగాదా వెనుక కథ

అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో క్రాయిడన్ అనే చిన్న ఊరు ఉంది. 2022 నాటికి జనాభా సుమారు 800, నమోదైన ఓటర్లు 565. బడి ఖర్చును ఆమోదించడానికి ఏటా జరిగే సభ 2022 మార్చి 12, శనివారం నాడు జరిగింది. స్కూలు బోర్డు 17 లక్షల డాలర్లు అడిగింది. ఊరి పాలకమండలి సభ్యుడు ఇయాన్ అండర్‌వుడ్ లేచి, ఆ మొత్తాన్ని 8 లక్షలకు తగ్గించాలని సవరణ ప్రతిపాదించారు. ఓట్లు లెక్కపెడితే అనుకూలంగా 20, వ్యతిరేకంగా 14 వచ్చాయి. ఊరంతటికీ కలిపి ఓటు వేసినవారు 34 మంది. ఎనభై మంది పిల్లల చదువు ఖర్చులో సగానికి పైగా ఆ పూటే ఎగిరిపోయింది.

అండర్‌వుడ్ భార్య జోడీ అప్పట్లో స్కూలు బోర్డు అధ్యక్షురాలు. దంపతులిద్దరూ, ప్రభుత్వ పాత్ర తక్కువగా ఉండాలనుకునేవారంతా ఒకే రాష్ట్రానికి తరలిరావాలనే ‘ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్’ ఉద్యమం పిలుపు అందుకుని ఆ రాష్ట్రానికి తరలివచ్చినవారు. ఒక్కో విద్యార్థికి 10,000 డాలర్ల చొప్పున లెక్క వేసుకుంటే 8 లక్షలు సరిపోతాయన్నది ఆయన వాదన. బోర్డు అడుగుతున్నది బడ్జెట్ కాదు, జనం మెడ మీద కత్తి పెట్టి వసూలు చేసే సొమ్మన్నది ఆయన అభిప్రాయం. అయితే క్రాయిడన్‌లో ఉన్నది నాలుగో తరగతి దాకా నడిచే చిన్న బడి ఒక్కటే. ఐదో తరగతి నుంచి పిల్లలు పక్క ఊళ్ల బడులకు వెళతారు, వారి ఫీజు క్రాయిడన్ చెల్లిస్తుంది. ఆ ఫీజు 10,000 డాలర్లకు మించిపోతుంది కాబట్టి, తీర్మానం నిలిస్తే తేడాను తల్లిదండ్రులే జేబులోంచి కట్టుకోవాలి. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ బడి టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది గనుక గ్రామసభలో ఏ తీర్మానం జరిగినా అది ఆగదు. అక్కడ అలా కాదు. సభకు ఎవరు వచ్చారు, ఎవరు ఇంట్లో ఉండిపోయారు అన్నదాన్ని బట్టి బడి నడక మారిపోతుంది.

ఈ గొడవను చాలామంది వలసవచ్చినవారి ఖాతాలో వేశారు. అందులో కొంత నిజముంది. కానీ వాళ్లు కొత్తగా తెచ్చిపెట్టిన చిక్కు కాదిది. గోడ అంతకుముందే బీటలు వారి ఉంది, వచ్చినవారు ఆ బీటలో గునపం దించారు.

న్యూహ్యాంప్‌షైర్‌లో వస్తువుల మీద సాధారణ అమ్మకం పన్ను లేదు, జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. బడుల కోసం డబ్బు కావలసివచ్చినప్పుడు కూడా ఆ రాష్ట్రం కొత్త పన్ను వేయకుండా 1963లో లాటరీకి చట్టం చేసింది. ఆధునిక కాలంలో అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వమే నడిపిన మొదటి లాటరీ అది. గుర్రప్పందెం ఫలితానికి ముడిపెట్టి 1964లో మొదటి డ్రా తీశారు. 1972 ఎన్నికల్లో గవర్నరుగా గెలిచిన మెల్డ్రిమ్ థామ్సన్ కొత్త పన్నులు వేయనని ప్రతిజ్ఞ చేశారు. ఒక పెద్ద దినపత్రిక ఆ ప్రతిజ్ఞకు కాపలా కాయడంతో, తరవాత అది రెండు పార్టీల అభ్యర్థులకూ దాదాపు తప్పని ఆచారమైపోయింది. ఫలితంగా బరువంతా ఇళ్ల మీద, స్థలాల మీద పడింది. నాషువా చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ లెక్క అనుభవమే: దుకాణంలో మిగిలిన డాలరు ఇంటిపన్ను బిల్లులో తిరిగి వెళ్లిపోతుంది.

ఇంటిపన్ను మీదే బడి నడిస్తే ఏమవుతుందో రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 1994–95 విద్యా సంవత్సరంలో పిట్స్‌ఫీల్డ్ అనే పేద ఊళ్లో ప్రతి వెయ్యి డాలర్ల ఆస్తి విలువకు బడి పన్ను 25.26 డాలర్లు. పెద్ద సరస్సు ఒడ్డున సంపన్నుల విడిది ఇళ్లున్న మౌల్టన్‌బరోలో అదే పన్ను 5.56 డాలర్లు. అంటే లక్ష డాలర్ల ఇంటికి ఒకచోట 2,526 డాలర్లు, మరోచోట 556. ఎక్కువ కట్టిన ఊరి బడి మెరుగ్గా ఉందా అంటే అదీ లేదు. ఆస్తి విలువ తక్కువైన చోట రేటు ఎంత పెంచినా వచ్చేది తక్కువే.

ఈ అన్యాయం మీద క్లేర్‌మాంట్‌తో కలిపి అయిదు పేద స్కూలు జిల్లాలు (బడులను నడిపే స్థానిక సంస్థలు) కోర్టుకెక్కాయి. విద్యను ఆదరించడం పాలకుల విధి అని 1784 నాటి రాష్ట్ర రాజ్యాంగం 83వ అధికరణంలో చెప్పిన మాటను ఆధారం చేసుకుని, ప్రతి బిడ్డకూ తగినంత చదువు చెప్పించే బాధ్యత రాష్ట్రానిదేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. ఆ బాధ్యతను ఊరికో రేటున వసూలయ్యే పన్నుతో తీర్చడం రాజ్యాంగ విరుద్ధమని 1997లో స్పష్టం చేసింది. శాసనసభ 1999లో రాష్ట్రమంతటా ఒకే రేటున విద్యా ఆస్తిపన్ను తెచ్చింది. అయినా రాష్ట్రం ఇచ్చే వాటా ఏనాడూ అసలు ఖర్చును అందుకోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2001లో, యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న జేసన్ సోరెన్స్ ఒక వ్యాసం రాశారు. ప్రభుత్వం మనిషి ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని కాపాడటానికి మించి ఏ పనీ పెట్టుకోకూడదని నమ్మే లిబర్టేరియన్లు దేశమంతటా చెదిరి ఉన్నంతకాలం ఎక్కడా గెలవలేరని, 20,000 మంది ఒకే చిన్న రాష్ట్రానికి తరలితే అక్కడి రాజకీయాన్ని మార్చవచ్చని ఆయన ఆలోచన. ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ పుట్టింది అక్కడే. ఏ రాష్ట్రమన్నదాని మీద 2003లో సభ్యులు ఓటు వేస్తే, వయోమింగ్‌ను వెనక్కి నెట్టి న్యూహ్యాంప్‌షైర్ నెగ్గింది. వారికి నచ్చినవి అంతకుముందు నుంచీ ఉన్న లక్షణాలే: రెండు పెద్ద పన్నులు లేకపోవడం, ఊరి సభలో ఎవరైనా లేచి బడ్జెట్‌కు సవరణ పెట్టగలగడం, సుమారు 14 లక్షల జనాభాకు 400 మంది సభ్యులున్న దిగువ సభ. సుమారు 3,500 మందికి ఒక ప్రతినిధి, అతడి జీతం ఏడాదికి 100 డాలర్లు. అలాంటి చోట ఇల్లిల్లూ తిరిగే ఓపిక ఉంటే పెద్ద ఖర్చు లేకుండా గెలవవచ్చు.

తరలివస్తామని సంతకం చేసినవారి సంఖ్య 20,000కు చేరేసరికి 2016 వచ్చింది. నిజంగా వచ్చినవారు కొన్ని వేలమందే. అంతకన్నా ముందే 2004లో కొందరు గ్రాఫ్టన్ అనే ఊరిని ఎంచుకుని, దాన్ని పూర్తి స్వేచ్ఛా పట్టణంగా మారుస్తామని బయలుదేరారు. తమను అడగకుండా తమ ఊరి మీద ప్రయోగం ఏమిటని స్థానికులు సభ పెట్టి మరీ నిలదీశారు. తక్కువ పన్ను కావాలనుకునే రైతు కూడా, ఊరి లెక్కలు బయటివాడు చెప్పడం సహించడు. గ్రాఫ్టన్‌లో రాజుకున్నది సిద్ధాంతం కన్నా ఈ రోషమేనని నాకనిపిస్తుంది.

క్రాయిడన్ కథ ఇంకాస్త చిక్కుముడి. అక్కడి బోర్డు కొందరు పిల్లలను పక్క ఊరి ప్రైవేటు మాంటిస్సోరి బడికి ఊరి డబ్బుతో పంపింది. రాష్ట్రం అభ్యంతరం చెప్పింది, 2016లో కోర్టు రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. 2017లో శాసనసభ చట్టం మార్చి దానికి దారి తెరిచింది. అప్పటిదాకా చాలామంది తల్లిదండ్రులకు ఈ బోర్డు సభ్యులంటే వ్యతిరేకత లేదు సరికదా, పిల్లలను నచ్చిన బడికి పంపే వీలు కల్పించినవారన్న మంచి పేరు కూడా కొంత ఉంది. కోరుకున్న బడికి పంపే హక్కు వేరు, ఆ బడి ఫీజుకు డబ్బు లేకుండా చేయడం వేరని 2022లో తెలిసివచ్చింది.

చట్టప్రకారం, ఒకసారి ఆమోదించిన బడ్జెట్‌ను ప్రత్యేక సభలో మార్చాలంటే నమోదైన ఓటర్లలో కనీసం సగం మంది ఓటు వేయాలి. క్రాయిడన్‌కు అది 283. ఊళ్లో పార్టీల పట్టింపు లేకుండా జనం సంతకాలు సేకరించి, ఫోన్లు చేసి, గుమ్మాలెక్కి దిగారు. కోత నిలవాలనుకునేవారికి సభకు రావలసిన పనే లేదు, ఎదుటివారికి కోరం తక్కువైతే చాలు. మే 7న 379 మంది ఓటు వేశారు. పాత మొత్తాన్ని పునరుద్ధరించాలన్నవారు 377 మంది, వద్దన్నవారు ఇద్దరు. పార్టీలకు అతీతంగా ఊరు ఏకమైన రోజుగా దీన్ని చెప్పుకుంటారు. ఆ మాట నిజమే గానీ, మార్చిలో సభకు రాని ఓటర్లు అయిదు వందల పైచిలుకన్నదీ నిజమే.

ఊళ్లలో ఎదురుదెబ్బలు తిన్నా, రాజధాని కాంకర్డ్‌లో ఫ్రీ స్టేట్ వారి మాట చెల్లుతోంది. ఒహాయో నుంచి తరలివచ్చిన జేసన్ ఆజ్‌బర్న్ దిగువ సభలో మెజారిటీ నాయకుడయ్యారు. ప్రభుత్వ బడి వదిలిన పిల్లల ప్రైవేటు ఫీజుకు, ఇంటి చదువుకు రాష్ట్ర నిధులు ఇచ్చే ‘ఎడ్యుకేషన్ ఫ్రీడమ్ అకౌంట్’ పథకం 2021లో వచ్చింది. మొదట తక్కువ ఆదాయం వారికే అన్నారు, 2025లో ఆదాయ పరిమితి ఎత్తేశారు. ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టుకునే వీలును కూడా స్కూలు జిల్లాలకు చట్టం కల్పించింది. దాన్ని వాడిచూద్దామని కియర్‌సార్జ్ జిల్లాలో 2025 జనవరిలో ప్రతిపాదన తెస్తే, సభకు వెయ్యిమందికి పైగా తరలివచ్చి తోసిపుచ్చారు. క్రాయిడన్ పాఠం అక్కడివారికి గుర్తుందన్నమాట.

ఇంతలో పాత క్లేర్‌మాంట్ దావాకు కొనసాగింపు వంటి మరో కేసు నడిచింది. తగినంత చదువుకు ఒక్కో విద్యార్థికి రాష్ట్రం ఇస్తున్న సుమారు 4,100 డాలర్ల కనీస మొత్తం చాలదని, అది 7,356కు తగ్గకూడదని 2023లో ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఇప్పుడిస్తున్నది చాలదన్న మాటను రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 జులైలో సమర్థించింది, వెంటనే చెల్లించమన్న ఆదేశాన్ని మాత్రం పక్కన పెట్టింది. లోటు పూడ్చే దారి వెతకవలసింది శాసనసభే. వడ్డీ, డివిడెండ్ల మీద మిగిలి ఉన్న ఒక్క ఆదాయపు పన్నును కూడా ఆ సభ 2025 జనవరి 1 నుంచి రద్దు చేసి ఉంది.