వేరికోసీల్ పోయి వరిబీజం: కుర్రాళ్ల కీహోల్ ఆపరేషన్ వెనుక 1949 నాటి ముడి

సైనిక నియామక ర్యాలీలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం నుంచి కరీంనగర్ దాకా చిన్న ఊళ్ల సర్జన్ల దగ్గరికి ఒకే తరహా కుర్రాళ్లు వస్తారు. రాత పరీక్ష గట్టెక్కి, పరుగు నెగ్గి, మెడికల్‌లో ఆగిపోయినవాళ్లు. వయసు పదిహేడున్నర, పద్దెనిమిది. నొప్పి లేదు, జబ్బుందన్న సంగతే అంతకుముందు తెలియదు. చీటీ మీద మాత్రం వేరికోసీల్ అని ఉంటుంది, అంటే బీజం (వృషణం) పైన సిరలు ఉబ్బడం. రీమెడికల్‌లోపు, అంటే మళ్లీ జరిగే వైద్య పరీక్షలోపు, ఆపరేషన్ అయిపోవాలి. చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం దింపి చేసే కీహోల్ ఆపరేషన్‌కు ల్యాప్రోస్కోప్ ఉన్న ఆస్పత్రిలో మర్నాడే ఇంటికి పంపేస్తారు కాబట్టి అందరూ అటే నడుస్తారు. కొందరు కొన్ని నెలలకు అదే వైపు వాపుతో తిరిగొస్తున్నారు. ఈసారి చీటీ మీద హైడ్రోసీల్. మన పెద్దలు వరిబీజం, బుడ్డ అనేది దీన్నే.

తప్పు కీహోల్ పద్ధతిదేనని, మైక్రోస్కోపు లేనిచోట ఈ ఆపరేషన్ ముట్టుకోకూడదని నగరాల యూరాలజిస్టులు అంటారు. గొట్టంలో తప్పు లేదు, సిరలను కట్టే తీరులోనే ఉందని జిల్లా సర్జన్ల వాదన. ఇది తేలాలంటే 1949 దాకా వెళ్లాలి.

ప్రతి వంద మంది మగవాళ్లలో సుమారు పదిహేను మందికి బీజం పైన సిరలు ఉబ్బి ఉంటాయి. ఎక్కువ ఎడమవైపే. అటు సిర కిడ్నీ సిరలోకి నిట్టనిలువుగా వెళ్లి కలుస్తుంది, రక్తం వెనక్కి జారడం తేలిక. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

గ్వాటెమాలా సర్జన్ అలెహాండ్రో పాలోమో 1949లో ఒక చిన్న మార్పు ప్రకటించాడు. అప్పటిదాకా గజ్జల్లో కోసి, ధమనిని తప్పించి, సిరలను ఒక్కొక్కటిగా ఏరి కట్టేవారు. పాలోమో పొట్ట వెనుక ఎత్తులో కోసి, ధమనితో సహా మొత్తం నాళాల కట్టనే ఒకేసారి ముడేశాడు. ధమని పోతే బీజం ఎండిపోదా అన్నదానికి ఆయన దగ్గర జవాబుంది: బీజానికి రక్తం మూడు దారుల్లో వస్తుంది. అసలు ధమని ఒకటి, వీర్యనాళం వెంట వచ్చేది ఒకటి, చుట్టూ ఉన్న క్రెమాస్టర్ కండరం ధమని ఒకటి. ఒకటి మూసినా మిగతా రెండు ఆదుకుంటాయి. ఆ లెక్క నిలబడింది. ధమనిని అంటుకుని ఉండే సన్నని సిరలు కూడా కట్టులో పోతాయి కాబట్టి జబ్బు తిరగబెట్టడమూ తగ్గింది.

ఆయన లెక్కలోకి రానివి లింఫ్ నాళాలు. నీటిలా తేటగా, దారంలా సన్నగా ఆ కట్టలోనే ఉంటాయి. వాటినీ కలిపి ముడేస్తే బీజం చుట్టూ ఉన్న పొరలో ఊరే నీరు పోయే దారి మూసుకుంటుంది. వరిబీజం పుట్టేది అక్కడ.

స్పెయిన్‌లో సాంచెజ్ దె బదహోస్ 1988లో ఇదే ఆపరేషన్ ల్యాప్రోస్కోప్‌తో చేసి చూపించాడు. రెండేళ్లకు ముంబై జేజే ఆస్పత్రిలో తెహెంటన్ ఉడ్వాడియా మన దేశంలో తొలి ల్యాప్రోస్కోపిక్ పిత్తాశయ ఆపరేషన్ చేశారు. పిత్తాశయం కోసం కొన్న పరికరాలే జిల్లాల్లో వేరికోసీల్‌కూ పనికొచ్చాయి. లోపలి నుంచి చూస్తే రక్తనాళాల కట్ట ఎదురుగానే కనిపిస్తుంది. నాలుగు క్లిప్పులు వేస్తే పని అయిపోతుంది. పాలోమో ముడి ఇంత సులువుగా అంతకుముందెన్నడూ పడలేదు. గొట్టంతో పాటు ఆయన మరిచింది కూడా మన ఊళ్లకు వచ్చింది.

పైగా ఈ నీరు వెంటనే చేరదు. నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటుతుంది. నాలుగో వారంలో చూస్తే అంతా శుభ్రం. రీమెడికల్ నాటికి పాసు. ఆస్పత్రి రికార్డులో చిక్కులు సున్నా, ఎందుకంటే ఆ తర్వాత కుర్రాడు అటు రాడు. సైన్యం నియామక నిబంధనల్లో హైడ్రోసీల్, వేరికోసీల్, మొలలు ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పోగొట్టుకోబోయి పక్కదాన్ని తెచ్చుకోవడమన్నమాట.

దీనికి విరుగుడు 2001లోనే తెలిసింది. ఆస్ట్రియా వైద్యులు నీలిరంగు ఎక్కించి లింఫ్ నాళాలను గుర్తుపట్టారు, వాటిని వదిలి మిగతాది కట్టారు. చెక్ వైద్యుల బృందం 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం లింఫ్‌ను పట్టించుకోకుండా కట్టినవారిలో 17.9 శాతానికి హైడ్రోసీల్ వస్తే, వదిలి కట్టినవారిలో 1.9 శాతానికే వచ్చింది. రెండూ కీహోల్ ఆపరేషన్లే. జిల్లా సర్జన్ల వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చిన్న ఆస్పత్రిలో అది ఇలా జరుగుతుంది. బల్ల ఎక్కే ముందు మూత్రం పోసి రావాలి. మత్తు ఇచ్చాక మెథిలీన్ బ్లూ అనే నీలిరంగు ఒకటి రెండు మిల్లీలీటర్లు వృషణ సంచి చర్మం అడుగున ఎక్కిస్తారు. సూది బీజంలోకి దిగకూడదు. పది నిమిషాలు ఆగాలి. రంగు రక్తంలో కలిస్తే వేలికి పెట్టిన ఆక్సీమీటర్ కాసేపు తప్పుగా తక్కువ అంకె చూపిస్తుంది. మత్తు డాక్టరుకు ఆ మాట ముందే చెప్పకపోతే థియేటర్‌లో గాభరా తప్పదు. బొడ్డు దగ్గర చిన్నగా కోసి, కంటితో చూస్తూ 10 మిల్లీమీటర్ల మొదటి పోర్టు (పరికరాలు దూర్చే గొట్టం) దింపుతారు. పొట్ట ఉబ్బించే గ్యాస్ ఒత్తిడి 10–12 మి.మీ. పాదరసం దాటనివ్వరు. మిగతా రెండు 5 మిల్లీమీటర్ల పోర్టులు. తల కిందికి, ఎడమ వైపు పైకి వచ్చేలా బల్ల వంచితే పేగులు జారిపోతాయి. బయట నుంచి బీజాన్ని లాగితే లోపల కట్ట కదులుతుంది, గుర్తు అదే. వీర్యనాళం విడిపోయే చోటికి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన పొర చీల్చి, నీలి దారాల్లా కనిపించే రెండు మూడు నాళాలను పక్కకు తీసి, మిగిలింది కడతారు. క్లిప్పులు ఖరీదు అనుకుంటే 2-0 సిల్కు దారంతో లోపలే రెండు ముడులు వేసి మధ్యలో కత్తిరించవచ్చు. ఖర్చు దారానిదే, కాకపోతే పది నిమిషాలు ఎక్కువ. పొర వెనక మరీ లోతుకు పోతే తొడకు వెళ్లే నరం దెబ్బతిని ముందు తొడ తిమ్మిరెక్కుతుంది. ఆఖర్న సంచిని నొక్కి అందులో చేరిన గ్యాస్ బయటికి పంపాలి. 10 మిల్లీమీటర్ల పోర్టుకు లోపలి పొర కుట్టకుండా వదిలేస్తే అక్కడ హెర్నియా దిగుతుంది.

ఇదంతా సరిగ్గా జరిగినా నీళ్ల దగ్గర దెబ్బతినొచ్చు. గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో ఇరవై నిమిషాలు నానబెట్టిన పరికరాలను కుళాయి నీళ్లతో కడిగితే, మూడు నాలుగు వారాలకు పోర్టు గాయం మళ్లీ తెరుచుకుని చీము కారుతుంది. మామూలు యాంటీబయాటిక్‌కు లొంగని మైకోబ్యాక్టీరియా అది. ఆవిరి వేడితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు తట్టుకునే గొట్టాలు కొనడమే దారి.

మైక్రోస్కోపు పక్షానికి ఒక గట్టి బలముంది. గజ్జ కింద చిన్న కోతతో, నడుముకు ఇచ్చే మత్తుతోనే పని అవుతుంది. కీహోల్‌కు గొంతులో గొట్టం, పూర్తి మత్తు కావాలి. హైడ్రోసీల్, తిరగబెట్టడం రెండూ ఆ పద్ధతిలో తక్కువే. అయితే ఆ ఎత్తులో సిరలు చాలా కొమ్మలు వేసి ఉంటాయి, కుర్రాళ్లలో ధమని మరీ సన్నం. చెయ్యి తిరగాలంటే ఏళ్లు పడుతుంది.

కోస్తాలో ఇంకో ముడి ఉంది. బోదకాలు ఉన్న ఊళ్లలో లింఫ్ అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. అక్కడ వాపు వస్తే తప్పు ఫైలేరియాదా, క్లిప్పుదా అన్నది తేలదు.

అసలు కొయ్యాలా అన్న ప్రశ్న మాత్రం ర్యాలీ తొందరలో ఎవరికీ పట్టదు. కుంచించుకుపోయిన బీజం ఆపరేషన్ తర్వాత మళ్లీ పెరిగిందని అమెరికా వైద్యులు కాస్, బెల్మన్ 1987లో చూపించాక కుర్రాళ్లకు కొయ్యడం మామూలైంది. రెండు బీజాల మధ్య 20 శాతం తేడా గీటురాయి అయింది. 2008లో కోలన్ బృందం పదేపదే అల్ట్రాసౌండ్ తీస్తే, ఎక్కువమందిలో ఆ తేడా దానంతటదే తగ్గిపోయింది. ఒక్క కొలతతో కత్తి పట్టడం తగదు. ఆరు నెలలు, ఏడాది ఆగి మళ్లీ కొలవాలి. రీమెడికల్ తేదీ అంతవరకు ఆగదు.

ఇప్పుడు డిశ్చార్జి చీటీ మీద సాధారణంగా 'ల్యాప్ వేరికోసీలెక్టమీ' అన్న రెండు మాటలే ఉంటాయి. ధమని కట్టారో లేదో, లింఫ్ వదిలారో లేదో రాయరు. పదేళ్లకు అదే మనిషి హెర్నియాకో, వేసెక్టమీకో వస్తాడు. పాలోమో ముడి పడిన బీజం అప్పటికి మిగిలిన రెండు ధమనుల మీదే బతుకుతుంటుంది. ఒకటి హెర్నియా కోతలో, ఒకటి వేసెక్టమీలో కత్తి దారికే అడ్డంగా ఉంటుంది. చీటీలో లేని సంగతి ఆ సర్జన్‌కు ఎవరు చెబుతారు?