ఫిర్యాదు ఇచ్చిన మనిషి ఏమైనట్టు? నేర బాధితుల గురించి అపోహలు, వాస్తవాలు

హన్మకొండ కోర్టు ఆవరణలో ఉదయం పదింటికి నిలబడి చూస్తే ముద్దాయి ఎవరో, బాధితుడు ఎవరో ఇట్టే పోల్చుకోవచ్చు. ముద్దాయి చుట్టూ వకీలు, గుమాస్తా, జామీను ఇచ్చినవాళ్లు, బావమరదులు ఉంటారు. బాధితుడు ఒక్కడే చేతిలో పాలిథిన్ కవరు పట్టుకుని కోర్టు కానిస్టేబుల్ ఎక్కడున్నాడా అని వెతుక్కుంటూ ఉంటాడు. అలాంటివాళ్ల పక్కన కూర్చుని, స్టేషన్‌లో, ఆసుపత్రిలో, కోర్టులో వాళ్లకు ఎదురైనవి అడిగి రాసుకోవడం నా పని. ఈ పనిలో నాకు తరచూ వినిపించే మాటల్లో సగం తప్పులే. చదువుకున్నవాళ్లూ అవే అంటారు, కొన్నిసార్లు మా రంగంలోవాళ్లూ అంటారు.

అపోహ: కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగినట్టే.

ఏటా డిసెంబరు చివర్లో పోలీసు కమిషనరేట్ లెక్కలు బయటపెట్టగానే పత్రికల్లో వచ్చే శీర్షిక ఇదే. జాతీయ నేర గణాంకాల సంస్థ మాత్రం నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని తన నివేదికలోనే హెచ్చరిస్తుంది. ఆ పేజీ దాకా వెళ్లేవారు తక్కువ. ఆ లెక్కలో మరో కిటుకు కూడా ఉంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నింటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. దొంగతనానికి వచ్చి హత్య చేసి పోతే అది హత్యల ఖాతాలో పడుతుంది, దొంగతనం కనిపించదు.

స్టేషన్ గడప తొక్కనివాళ్ల సంగతి తెలియాలంటే ఇల్లిల్లూ తిరిగి అడగాలి. అమెరికా 1970ల తొలి ఏళ్లలోనే ఈ పని మొదలుపెట్టింది, ఇంగ్లండ్ 1982లో మొదలుపెట్టింది. మన దేశంలో అలాంటి ప్రయత్నాలు చెదురుమదురుగానే జరిగాయి. 2015లో ఢిల్లీ, ముంబైలలో ఒక సర్వే, 2017లో మరో రెండు మహానగరాలను కలిపి ఇంకొకటి వచ్చాయి. ఆ జాబితాల్లో మన వరంగల్ లేదు. దగ్గరగా పనికొచ్చేది 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు అందులో 14 శాతమే. ఎవరికీ చెప్పనివారు, ఏ సాయమూ అడగనివారు 77 శాతం. ఇలాంటి చోట ఫిర్యాదులు పెరిగాయంటే నేను మొదట భయపడను. ఎవరో కొందరు ధైర్యం చేసి వచ్చారేమో అని చూస్తాను.

అపోహ: సంఘటన ఎక్కడ జరిగితే ఆ స్టేషన్‌కే పోవాలి.

రైల్లో బ్యాగు పోగొట్టుకుని కాజీపేటలో దిగినవారికి ఇది బాగా తెలుసు. రామగుండం దాటాక పోయిందా, జమ్మికుంట దాటాక పోయిందా అని అడిగి పంపేవారు. నిద్రపోయిన మనిషికి స్టేషన్ల పేర్లు ఎలా తెలుస్తాయి? శిక్షార్హమైన, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం గురించి చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే, లలితా కుమారి కేసులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత మరో అడుగు వేసింది. హద్దుతో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఉంది. ఆ 14 రోజులు నెలలు కాకుండా చూసుకోవడం మన వంతు. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

అపోహ: బాధితులు కోరేది ఒక్కటే, కఠిన శిక్ష.

దీని దగ్గర కాస్త ఆగాలి. 2008 డిసెంబరులో మన ఊళ్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. కొద్ది రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఇప్పటికీ ఆ సంఘటన ఎత్తితే జనం చెప్పేది కాల్పుల గురించే. ఒక అమ్మాయి ఆ నెలాఖరులోనే చనిపోయిందని, రెండో అమ్మాయి కాలిన గాయాలతో ఆసుపత్రిలో పోరాడిందని గుర్తుచేస్తే తప్ప ఎవరూ అనరు. అప్పటికి చట్టంలో బాధితుల పరిహార పథకం అన్న మాటే లేదు, అది 2009 చివర్లో వచ్చింది. యాసిడ్ దాడిని ప్రత్యేక నేరంగా 2013లో చేర్చారు. ఊరంతా న్యాయం జరిగిపోయిందని ఇళ్లకు పోయిన రోజున ఆ కుటుంబాల చేతిలో ఉన్నది ఆసుపత్రి చీటీలే.

బాధితులను నేరుగా అడిగి చేసిన పరిశోధనలు వేరే సంగతి చెబుతాయి. 1980ల్లో జోవన్నా షాప్లాండ్ బృందం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ, నార్తాంప్టన్ పట్టణాల్లో బాధితులను కేసు మొదటి నుంచి చివరి దాకా వెంబడించింది. ఫిర్యాదు ఇచ్చిన రోజున పోలీసుల మీద తృప్తిగా ఉన్నవాళ్లకే రోజులు గడిచేకొద్దీ ఆ తృప్తి తగ్గుతూ వచ్చింది. కారణం శిక్ష తక్కువ పడటం కాదు, కేసు ఏమైందో చెప్పే దిక్కు లేకపోవడం. అది ఇంగ్లండ్ కథ కదా అని నేనూ మొదట అనుకున్నాను.

తర్వాత నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక తల్లి తన నోటుబుక్కు చూపించింది. కొడుకు మీద దాడి కేసు. ఎడమ పేజీలో వాయిదా తేదీ, కుడి పేజీలో ఆ రోజు జరిగింది. ‘జడ్జి సారు సెలవు.’ ‘ముద్దాయి రాలే.’ ‘వకీలు టైము అడిగిండు.’ ‘ఎవలు ఏం చెప్పలే.’ ఈ చివరి మాట పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. ఎంత శిక్ష పడాలమ్మా అని నా ప్రశ్నల కాగితంలో ఉన్నట్టే అడిగాను. ఆమె కాసేపు నా మొహం చూసి, మా కేసు ఎంతవరకు వచ్చిందో ఆ లోపల అడిగి చెప్తారా అంది. నా ప్రశ్నల కాగితాన్ని ఆ వారమే మార్చుకున్నాను.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు తెలియజేయాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఫోను ద్వారానైనా చెప్పవచ్చు. ఫిర్యాదు ఇచ్చిన తేదీ నుంచి 90 రోజులు లెక్కపెట్టి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు దాటితే వెళ్లి అడగండి. అది బతిమాలుకోవాల్సిన విషయం కాదు.

అపోహ: నిజంగా జరిగి ఉంటే వెంటనే చెప్పేది, ఏడ్చేది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, ఈ మాట పుట్టుకలో మా శాస్త్రం పాపం కొంత ఉంది. 1940ల్లో బాధితుల గురించి చదవడం మొదలుపెట్టిన తొలి తరం పండితులు నేరంలో బాధితుడి వాటా ఎంత అని వెతికారు. 1950ల్లో మార్విన్ వూల్ఫ్‌గాంగ్ ఫిలడెల్ఫియాలో 588 హత్యలు పరిశీలించి, నాలుగింట ఒకదానిలో మొదట చేయి చేసుకున్నది చనిపోయిన మనిషేనని చూపించాడు. కొట్లాటల వరకు అది పనికొచ్చే లెక్కే. ఆ కొలబద్దనే 1971లో మరొకరు అత్యాచార కేసులకు పట్టించారు, దాని మీద వచ్చిన విమర్శ ఇప్పటికీ ఆగలేదు. మన ఊళ్లో అదే కొలబద్ద ‘ఆ టైములో అక్కడెందుకు పోయింది’ అన్న రూపంలో తిరుగుతుంది.

పెద్ద దెబ్బ తగిలిన మనిషి రాయిలా కూర్చోవచ్చు, నవ్వవచ్చు, మధ్యలో జరిగింది ముందు చెప్పవచ్చు. ఎంజీఎం ఆసుపత్రిలో ఒక అమ్మాయి గంటసేపు తన చెప్పు ఎక్కడ జారిపోయిందన్నదే మాట్లాడింది. అసలు సంగతి మూడో రోజు చెప్పింది. ఇలాంటి కేసుల్లో ఆలస్యమైనంత మాత్రాన ఫిర్యాదును అబద్ధమని కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. అత్యాచార బాధితురాలికి ఆసుపత్రిలో చేసే రెండు వేళ్ల పరీక్ష తప్పని 2013లో చెప్పింది, ఎవరైనా చేస్తే అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో మళ్లీ హెచ్చరించింది. ఒకసారి చెబితే సరిపోలేదన్నమాట. ఇక చీకటి సందు, ముక్కూమొహం తెలియని మనిషి అన్న ఊహకు వస్తే, నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు. తెలిసినవాడి మీద చెప్పడానికే కదా రోజులు పట్టేది.

అపోహ: ప్రభుత్వ వకీలు మన వకీలే.

కాదు, ఆయన ప్రభుత్వం తరఫున నడుపుతారు. మీ కేసు ఉదయం ఆయన బల్ల మీద ఉన్న కట్టల్లో ఒకటి. అందుకే ఆయనకు సాయంగా సొంత వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. ఫీజు గురించి భయపడకండి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలైతే ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోను 15100. ముద్దాయిని వదిలేస్తే బాధితులు ప్రత్యేక అనుమతి అడగకుండానే అప్పీలుకు పోవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ విషయంలో అన్నింటికంటే ముందుంది. బెయిలు విచారణతో సహా ప్రతి దశలో బాధితులకు ముందే కబురు అందాలి, వాళ్ల మాట వినాలి. కబురు రాకుండా బెయిలు వచ్చిందంటే దాన్ని ప్రశ్నించవచ్చు.

అపోహ: దొరికిన బండి కేసు తేలేదాకా స్టేషన్‌లోనే ఉంటుంది. ఉండనక్కర్లేదు. బండిని తాత్కాలికంగా అప్పగించమని కోర్టులో ఇంటరిమ్ కస్టడీ పిటిషన్ వేస్తే ఫోటోలు తీసి, బాండు రాయించుకుని ఇచ్చేయాలి. స్వాధీనం చేసుకున్న వస్తువులను పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి స్టేషన్లలో ఉంచవద్దని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రహరీ పక్కన తీగలు అల్లుకుపోయిన మోటారు సైకిళ్లలో కొన్నింటి యజమానులకు ఈ సంగతి తెలియదంతే.

అపోహ: శిక్ష పడితేనే పరిహారం.

నాకు బాగా కోపం తెప్పించేది ఇది. దీనివల్ల దరఖాస్తే పెట్టనివారు ఉన్నారు. నేరం చేసిందెవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు లేదా వారి మీద ఆధారపడినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. వారు రెండు నెలల్లో విచారణ ముగించాలి. ముద్దాయి నిర్దోషిగా బయటపడినా, బాధితుడికి పునరావాసం అవసరమని కోర్టు సిఫారసు చేయవచ్చు. మహిళల కోసం 2018లో వచ్చిన జాతీయ పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షల రూపాయలు, యాసిడ్‌తో రూపం చెదిరితే 7 నుంచి 8 లక్షలు. వైద్యానికి మధ్యంతర సాయం కూడా అడగవచ్చు. యాసిడ్, అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ముందు డబ్బు కట్టమంటే అది చట్టాన్ని మీరడమే.

అపోహ: సాక్షులు డబ్బుకు ఎదురు తిరుగుతారు.

కొందరు తిరుగుతారు. అందరినీ ఆ గాటన కట్టకండి. గొర్రెకుంట బావి హత్యల కేసు 2020 మే నుంచి అక్టోబరులోగా కింది కోర్టు తీర్పు దాకా వచ్చింది, కాబట్టి వేగం మన కోర్టులకు చేతకానిదేమీ కాదు. మామూలు కొట్లాట కేసుకు ఆ వేగం ఉండదు. ఏటూరునాగారం వైపు నుంచి తెల్లవారుజామున బయల్దేరిన సాక్షి నాలుగోసారి కూడా వాయిదా విని తిరిగి వెళ్తాడు. ఊళ్లో ముద్దాయి వాళ్లదీ ఆయనదీ ఒకే బోరు నీళ్లు. ఐదోసారి పిలిచినప్పుడు ‘నాకు గుర్తులేదు’ అన్నాడంటే ఎవరి డబ్బూ ముట్టనక్కర్లేదు. బెదిరింపు ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దారి ఖర్చులు అడిగే వీలు కూడా ఉంది, దాన్ని సాక్షి బత్తా అంటారు. కోర్టు అనుమతిస్తే ఇస్తారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే అయినా పోయిన కూలి ఉచితం కాదు కాబట్టి వాళ్లూ అడగాలి. సమన్ల కాగితం పారేయవద్దు. మగవాళ్లు బస్సు టికెట్టు కూడా దాచుకోవాలి. ఆ టికెట్టు మీద అక్షరాలు కొద్ది రోజులకే వెలిసిపోతాయి, అందుకని దిగగానే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.