దేశానికి బేడీలు ఎవరు వేస్తారు?

ప్రియమైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

"దొంగతనం చేస్తే పోలీసులు పట్టుకుంటారు కదా తాతయ్యా, మరి ఒక దేశమే తప్పు చేస్తే బేడీలు ఎవరు వేస్తారు?" అని చిన్నిగాడు అడిగాడు. వాడి మాట పూర్తికాకుండానే అక్క ఫోన్ లాక్కుని, "అసలు చట్టాలు చేసే ప్రభుత్వమే తప్పు చేస్తే?" అంది. ఇవి ఫోన్‌లో తేలే సంగతులు కావు. అందుకే ఈ ఉత్తరం. అక్క ప్రశ్న కాస్త సులువు కాబట్టి ముందు దానికి చెప్తాను.

మా చిన్నప్పుడు జట్టు మొత్తానికి ఒక్కటే బ్యాట్. అది ఎవరిదో వాడే రాజు. మొదటి బ్యాటింగ్ వాడిదే. స్టంపులు ఎగిరిపోయినా "అది ట్రయల్ బాల్" అనేవాడు. గట్టిగా అడిగితే బ్యాట్ చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, బ్యాట్ చేతిలో లేనప్పుడు మాలో వాడంత నెమ్మదస్తుడు లేడు. ఒక వేసవిలో మాలో కాస్త పెద్దవాడొకడు నోట్‌బుక్కులోంచి కాగితం చింపి రూల్సు రాశాడు. బ్యాట్ ఎవరిదైనా అవుటంటే అవుటే. బ్యాటింగ్ చేసేవాడు అంపైరింగ్ చేయకూడదు. ఆట మధ్యలో రూల్సు మార్చకూడదు. కింద అందరం సంతకాలు పెట్టాం. బ్యాట్ ఓనరు అందరికంటే చివర్న, మూతి ముడుచుకుని పెట్టాడు.

రాజ్యాంగం అంటే దాదాపు ఆ కాగితమే. ఏం చేయకూడదో మామూలు చట్టం మనకి చెబుతుంది. ఆ చట్టం చేసేవాళ్లు ఏం చేయకూడదో రాజ్యాంగం చెబుతుంది. అది ముఖ్యంగా బ్యాట్ చేతిలో ఉన్నవాడి కోసం రాసింది.

అలాంటివాడు ఎప్పుడూ సంతోషంగా సంతకం పెట్టడు. 1215లో ఇంగ్లండు రాజు జాన్‌ని అక్కడి ప్రభువులు చుట్టుముట్టి మాగ్నా కార్టా అనే పత్రానికి ఒప్పించారు. చట్టప్రకారం తీర్పు లేకుండా ఏ స్వతంత్రుణ్నీ ఖైదు చేయకూడదన్న మాట అందులో ఉంది. కొద్ది వారాలకే రాజు పోప్ చేత ఆ పత్రం చెల్లదనిపించాడు. మరుసటి ఏడాది రాజు పోయాడు. పత్రాన్ని మళ్లీ బయటికి తీశారు. దాని పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

రెండో రూలు మీకు స్కూల్లో చెప్పే ఉంటారు. చట్టం చేసేది ఒకరు, అమలు చేసేది ఒకరు, తగాదా వస్తే తీర్పు చెప్పేది మరొకరు. పార్లమెంటు చేసిన చట్టాన్నే కోర్టు కొట్టేయగలదా? 1803లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేయగలమని తేల్చింది. తమాషా ఏంటంటే, ఆ మాట వాళ్ల రాజ్యాంగంలో ఎక్కడా స్పష్టంగా రాసిలేదు.

అసలు చిక్కంతా మూడో రూలుతోనే. ఆటగాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే రూల్సు మార్చుకోవచ్చు, సరే. "ఇకనుంచి రూల్సన్నీ వీడొక్కడే రాస్తాడు" అని మార్చేస్తే? 1933 మార్చి 23న జర్మనీలో అదే జరిగింది. పార్లమెంటుతో పనిలేకుండా, రాజ్యాంగానికి విరుద్ధంగా కూడా, ప్రభుత్వమే చట్టాలు చేసుకోవచ్చని పార్లమెంటే ఓటేసింది. కమ్యూనిస్టు సభ్యుల్ని రానివ్వలేదు, హాల్లో హిట్లర్ మనుషులు యూనిఫారాలేసుకుని నిలబడ్డారు. ఓట్లు లెక్కపెట్టారు, మూడింట రెండు వంతులు దాటాయి, కాగితమ్మీద అంతా పద్ధతిగానే ఉంది. ఆ తర్వాత ఏమైందో మీరు ఇంకాస్త పెద్దయ్యాక చదువుకుందురుగాని. అంత నష్టపోయాక 1949లో పశ్చిమ జర్మనీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. మనిషి గౌరవానికి భంగం కలగకూడదని మొదటి వాక్యంలోనే పెట్టి, ఆ సూత్రాన్ని ఏ సవరణా తాకడానికి వీల్లేదని తాళం వేసింది. భారత సుప్రీంకోర్టు ఆ తాళాన్ని తీర్పుతో వేసింది. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు కూర్చున్నారు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మూల స్వరూపాన్ని చెరపకూడదని ఏడుగురు, కాదని ఆరుగురు. ఒక్క ఓటు తేడా! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక చిన్నిగాడి ప్రశ్న.

పక్కవీధి వాళ్లతో మ్యాచ్ పెట్టుకున్నప్పుడు మాకు అంపైరు ఉండేవాడు కాదు. మా వాణ్ని పెడితే వాళ్లు ఒప్పుకోరు, వాళ్ల వాణ్ని పెడితే మేం ఒప్పుకోం. దేశాల మధ్య పరిస్థితి అదే. అందరి మీదా పెత్తనం చేసే ప్రభుత్వం లేదు. మాటిచ్చిన ఒప్పందాన్ని నిలబెట్టుకోవాలి అన్నదే పునాది. "మా ఇంట్లో వద్దన్నారు" అనే సాకు కూడా కుదరదు. సొంత దేశపు చట్టం చూపించి ఒప్పందం తప్పడానికి లేదని 1969 నాటి వియన్నా ఒప్పందంలో రాసుకున్నారు. ఇంకో దేశం మీద బలప్రయోగం చేయకూడదన్నది 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో ఉంది. తన మీద దాడి జరిగితే ఎదుర్కోవచ్చు, లేదా భద్రతా మండలి అనుమతించాలి. ఆ మండలిలో పదిహేను దేశాలు, అందులో ఐదింటికి వీటో, అంటే తానొక్కటే కాదన్నా తీర్మానాన్ని ఆపేసే అధికారం. బ్యాట్ ఓనర్లన్నమాట.

హేగ్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది, కానీ ముందో వెనకో తాను ఒప్పుకోకుండా ఏ దేశాన్నీ అక్కడికి లాగలేరు. 1984లో నికరాగువా అనే చిన్న దేశం అమెరికా మీద కేసు వేసింది, మా రేవుల్లో మైన్లు పెట్టారు, మా తిరుగుబాటుదారులకి ఆయుధాలిస్తున్నారు అని. ఈ కేసు వినే అధికారం మీకు లేదని అమెరికా వాదించింది. ఉందని కోర్టు తేల్చేసరికి విచారణలోంచి తప్పుకుంది. 1986లో తీర్పు నికరాగువా వైపు వచ్చింది. అమలు చేయించండని మండలికి వెళ్తే అమెరికా వీటో వేసింది. కాబట్టి చిన్నీ, నీకు అబద్ధం చెప్పను. పెద్ద దేశాలకి బేడీలు వేసేవాళ్లు లేరు.

అయితే అదే తీర్పులో కోర్టు ఒక చక్కని మాట అంది. రూలు తప్పిన దేశం "మాది ఆత్మరక్షణ" అని సాకు చెప్పిందంటే, ఆ రూలు ఉందని తానే ఒప్పుకున్నట్టు అని. మా మ్యాచుల్లోనూ అంతే. అవుటైనవాడు "అవుటంటే ఏంటి?" అని ఎప్పుడూ అడగలేదు, "అది నోబాల్" అని అరిచేవాడు.

మరి అంపైరు లేకపోయినా ఎక్కువ మ్యాచులు సజావుగానే ఎందుకు జరిగాయి? రేపు వాళ్లతో మళ్లీ ఆడాలి కాబట్టి. యుద్ధాల గురించి పేపర్లో వస్తుంది గానీ, రోజూ దేశాలు పాటించే ఒప్పందాల గురించి ఎవరు రాస్తారు? పోస్టు సంగతే చూడండి. 1874లో బెర్న్ నగరంలో ఇరవై రెండు దేశాలు కూర్చుని, ఉత్తరాల మటుకు మనందరిదీ ఒకటే ప్రాంతం అనుకున్నాయి. స్టాంపు డబ్బు పంపిన దేశానిదే. దారిలో మోసే దేశాలకి కొంత ఇచ్చేవారు గానీ, అందుకుని ఇంటింటికీ పంచే దేశానికి పైసా లేదు. ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది, అప్పుడు దాని స్టాంపు డబ్బు దానికే, లెక్క సరి! 1969లో ఆ పద్ధతి మార్చాలనుకునేదాకా, అంటే దాదాపు వందేళ్లు, ఆ నమ్మకం మీదే నడిచింది.

అటక మీద పాత ఉత్తరాలుంటే దించండి. విదేశీ కవరు ఒకటి దొరికితే స్టాంపు ఏ దేశానిదో, దాని మీద ముద్ర ఏ తేదీదో చూడండి. వెనక ఇంకో పోస్టాఫీసు ముద్ర ఉండొచ్చు, భూతద్దం కావాలి. అది 1969కి ముందుదో తర్వాతదో తేల్చి నాకు రాయండి. ఫోన్ చేయొద్దు, ఉత్తరమే రాయండి.

మీ తాతయ్య